సమాధి బండలతో వేసిన వసారా

డెబ్బైల చివర్లో, నా మొదటి కానుపుకు నంద్యాల నుంచి ఆళ్లగడ్డలోని పుట్టింటికి వచ్చాను. మాది పడమటి ముఖం ఇల్లు. మధ్యాహ్నం దాటితే ఎండ గడప దాటి లోపలి గోడ దాకా వచ్చేది. ఉన్నవి రెండే గదులు. వాకిట్లో నిలబడదామంటే నీడ లేదు. బళ్లో పంతులుగా పనిచేసే నాయన, ప్రతి ఎండాకాలం ముందర ఒక వసారా వేయాలనేవాడు. వానలు పడగానే ఆ మాట మరిచిపోయేవాడు.

అంతకు ముందు ఏడే నాయన తండ్రి, మా జేజినాయన పోయాడు. ఆయన సమాధి కోసం మా అవ్వ బేతంచెర్ల బండలు తెప్పించి పెట్టుకుంది. నున్నటి నల్లబండలు. వాటిలో ఒకదాని మీద శిల్పాలు చెక్కే వీధిలో సిలువ, ఆయన పేరు చెక్కించింది. ఒక వానాకాలం గడిచి గుంత మట్టి దిగబడితే గాని పైన కట్టకూడదని ఆగారు. బండలన్నీ పెరటి గోడకు ఆనించి ఉన్నాయి. అవ్వ రోజూ పొద్దున వాటి మీది దుమ్మును కొంగుతో తుడిచేది. ఆమెకు చదువు రాదు. కానీ ఆ పేరులో ఏ అక్షరం తర్వాత ఏది వస్తుందో వేలితో చూపించేది.

నేను వచ్చిన వారానికి మా ఆయన తల్లి, మా అత్త, నంద్యాల నుంచి నన్ను చూడ్డానికి వచ్చింది. ఆమె చెడ్డ మనిషి కాదు, మనసులో ఉన్నది దాచుకోలేదు, అంతే. లోపలికి రాగానే కొంగుతో విసురుకుంటూ, "ఏందమ్మా ఇది, పొయ్యిలో ఉన్నట్టుండాది. పసిబిడ్డను యాడ పండబెడతారు? మా ఇంట్లో ఫ్యానుండాది. మేమే చేయించుకుంటాం లే కానుపు" అంది.

మా అమ్మ ముఖం మాడిపోయింది. తొలి కానుపు చేయలేకపోయారన్న మాట పడ్డం ఏ పుట్టింటికైనా కష్టమే. అమ్మ జవాబు వెతుక్కునేలోపు మూలన కూర్చున్న అవ్వ అందుకుంది.

"బిడ్డ ఈడనే పుడతాది. నీడ సంగతి మేము చూసుకుంటాం లేమ్మా."

మరుసటి రోజే అవ్వ ఇళ్లు కట్టే బేల్దారిని పిలిపించింది. నాయన దగ్గర చదువుకున్న పిల్లల తండ్రి, ఒక పెద్ద రైతు, పాత కొట్టం విప్పించి ఉన్నాడు. ఆ కొట్టానికి నిలబెట్టిన రాతి కూసాలు, పైన వేసిన దూలాలు మాకిచ్చాడు. పైన కప్పడానికి బండలే లేవు. కోతల కాలం, బండ్లన్నీ చేలల్లో ఉన్నాయి. బేతంచెర్ల నుంచి తెప్పించాలంటే నెల పడుతుందన్నాడు బేల్దారి. అప్పటికి నాకు నెలలు నిండుతాయి.

"పెరట్లో ఉండాయి గదా" అంది అవ్వ.

నాయన ఆమె వైపు చూశాడు. "అమ్మా, అవి నాయన సమాధికి తెచ్చినవి."

"నాకు తెలీదా? తెప్పించింది నేనే గదా. సచ్చినాయనకు ఎండ యాడ తగుల్తాది? బిడ్డకు తగుల్తాది."

లోపల పడుకుని వింటున్న నేను లేచి బయటికొచ్చాను. "వద్దవ్వా, నా కోసం అట్ల చేయొద్దు" అన్నాను.

"నీకెందుకే ఈ మాటలు? కడుపుతో ఉండావు, పోయి పండుకో" అని గదిమింది.

నాయన సరేనన్నాడు. వచ్చే ఎండాకాలం మళ్లీ బండలు తెస్తానని మాత్రం అన్నాడు. ఆ మాట అవ్వకు చెప్పాడో, జేజినాయనకు చెప్పాడో.

పని చకచకా సాగింది. చివరికొచ్చాక బేల్దారి కిందికి దిగి తల గోక్కున్నాడు. "అవ్వా, ఒక బండ తక్కువొస్తాండాది." పెరట్లో మిగిలింది పేరు చెక్కిన బండే. దాన్ని ముట్టుకోవడానికి అతనికే చేతులు రాలేదు. అవ్వ ఆ బండ మీది దుమ్మును కొంగుతో తుడిచి, "ఎత్తు" అంది.

"రాసిందాన్ని పైకి పెట్టేదా, కిందికి పెట్టేదా?"

"వాన దిగకుండా పైన చౌడుమన్ను పోస్తావు గదా. మట్టిలో ఎందుకు పూడ్చేది? కిందికే పెట్టు, కనపడనీ."

బిడ్డ పుట్టింది. ఆడపిల్ల. ఆ వసారాలో మంచం వేసి, తడిపిన గోనెపట్టాలు కట్టి మమ్మల్ని పడుకోబెట్టారు. నిజంగానే చల్లగా ఉండేది. బిడ్డ హాయిగా నిద్రపోయేది. నాకు మాత్రం కళ్లు తెరిస్తే నెత్తి మీద జేజినాయన పేరు కనపడేది. పక్కకు తిరిగి పడుకుంటే ఆయనకు వీపు చూపించినట్టుండేది. మా అత్త మళ్లీ వచ్చి, "బాగుండాదమ్మా, సల్లగుండాది" అని మెచ్చుకుంది. ఆ మెప్పు వినలేక బిడ్డకు పాలిచ్చే నెపంతో తల వంచుకున్నాను.

ఆ ఏడు సమాధుల పండుగకు బిడ్డను ఎత్తుకుని అందరితో పాటు నేనూ వెళ్లాను. సమాధులన్నిటికీ సున్నం కొట్టి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించారు. జేజినాయనది మట్టిదిబ్బ. వానలకు ఒక పక్క కుంగిపోయి ఉంది. నాయన చొక్కా చేతులు మడుచుకుని చేత్తో మట్టి ఎగదోస్తుంటే, పక్క సమాధి దగ్గరి పెద్దాయన, "ఏం అప్పా, బండలు తెచ్చి శానాళ్లాయ గదా, ఇంకా కట్టలేదా?" అన్నాడు. నాయన వినపడనట్టే మట్టి తోశాడు. అవ్వ నా చేతిలోని బిడ్డకు ఎండ తగలకుండా కొంగు పట్టి నిలబడింది.

ఇంటికి రాగానే నాయన నిచ్చెన తెచ్చి వసారాకు వేశాడు. "తీసేస్తా. ఈ పొద్దే తీసేస్తా" అన్నాడు.

అవ్వ నిచ్చెన కింద కూర్చుంది. "తీయి సూస్తా. బిడ్డ మీద నీడ తీసి ఆయన మీద కప్పితే ఆయనకు బాగుంటాదా? ఒకసారి ఇచ్చింది ఇచ్చిందే."

నిచ్చెన మళ్లీ పెరట్లోకి పోయింది. వచ్చే ఎండాకాలం అన్నది ఆ తర్వాత చాలా ఎండాకాలాలకు వాయిదా పడింది. ఏటా అమ్మ జబ్బో, గోడ పగులో ఏదో ఒకటి ముందుకొచ్చేది.

నా కూతురు సెలవులకు వచ్చినప్పుడల్లా అవ్వ పక్కన ఆ వసారాలోనే పడుకునేది. వెల్లకిలా పడుకుని అక్షరాలు కూడబలుక్కుని, అది మొదట చదివిన మాట మా జేజినాయన పేరు. అవ్వ మురిసిపోయింది. నాయన లేచి లోపలికి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం చింతపండు గింజలు తీస్తున్న అవ్వ పక్కన కూర్చుని, ఎన్నాళ్ల నుంచో అడగాలనుకున్నది అడిగాను. "నా కోసమే గదా అవ్వా ఇదంతా. నీకు బాధ లేదా?"

లేదంటుందని, అంటే నా బరువు దిగుతుందని ఆశపడ్డాను.

"లేదని ఎవురు చెప్పినారు? ఉండాది. పండగనాడు అందరి సమాధులూ చూసినాక ఆయన దిబ్బ దిక్కు చూడలేను" అంది, చేతులు ఆపకుండానే. "బాధ లేకుండా ఇచ్చేదానికి అదేమన్నా పక్కింటికి పెట్టేసే పుల్లగూరనా? బాధపడతానే ఇచ్చినా. నువ్వు ఊరకే ఏడవద్దు. బిడ్డను బాగా సాకు."

ఆ తర్వాత నేనెప్పుడూ అడగలేదు.

అవ్వ ఎనభైల మధ్యలో పోయింది. ఈసారి నాయన మట్టి దిగబడేదాకా కూడా ఆగలేదు. అంత్యక్రియలయ్యాక నంద్యాల పోయి నేను మళ్లీ వచ్చేసరికి లారీలోంచి కొత్త బండలు దిగి ఉన్నాయి. ఆగమని చెబితే నాయన వినేలా లేడని, బేల్దారి పక్కపక్కనున్న ఇద్దరి గుంతలకూ కలిపి ఒకే సమాధి కట్టాడు. వసారా పైన చౌడు తవ్వి, పేరున్న బండను నలుగురు పట్టి దించి, తీసుకెళ్లి సమాధి తలాపున నిలిపారు. దాని జాగాలో కొత్త బండ వేశారు. నాయన చేతులు కడుక్కుంటూ, "ఇప్పటికి తీరింది" అన్నాడు. ఆయన గొంతులో తీరినట్టు లేదు.

ఆ మధ్యాహ్నం వసారాలో మంచం మీద వాలాను. పైన ఏమీ రాయని బండ. చూడగానే ప్రాణం తేలికపడి, ఆ ఇంట్లో ఎన్నడూ పట్టనంత గాఢంగా నిద్రపట్టింది. లేచేసరికి పొద్దు వాలింది. అమ్మ టీ పెట్టి, "బాగా నిద్రపోయినావే" అంది. అవ్వ పోయి పట్టుమని నెల కాలేదు. అంత తేలిగ్గా నిద్రపోయినందుకు అమ్మ ముఖం చూడలేకపోయాను.