దించని లైటు

అన్న పోయిన కబురు పెనుకొండ నుంచి వచ్చే మొదటి బస్సు తెచ్చింది. హిందూపురం స్టాండులో నా బండి ముందు గొంతుక్కూర్చుని లైట్ల అద్దాలు తుడుచుకుంటున్నాను. ఆ బస్సు కండక్టరు దిగీ దిగకముందే, "అన్న పోయినాడంటప్పా, తెల్లారుజామున" అన్నాడు. ఏ అన్న అని నేను అడగలేదు. మా లైనులో అన్న అంటే ఆయన ఒక్కడే. ఏడుపు వస్తుందనుకున్నాను. ముందు వచ్చింది సిగ్గు. ఆ సిగ్గు ఎందుకో చెప్పకుండా ఆయన్ని పొగిడితే అది ఇంకో అబద్ధమవుతుంది. అందుకే మొత్తం చెప్తాను, వినండి.

ఆయన నాకు తోడబుట్టినవాడు కాదు. బస్సు నడపడం నేర్పిన డ్రైవరు. బొగ్గు మంటతో బస్సులు నడిచిన రోజుల నుంచి హిందూపురం, సోమందేపల్లె, పెనుకొండ లైనులో తిరిగినవాడు. సన్నగా, నల్లగా ఉండేవాడు. తలకు ఎప్పుడూ ఎర్ర గళ్ళ తువ్వాలు. మాట కరుకు, చెయ్యి మెత్తన. గేరు మార్చితే బండికి కూడా తెలిసేది కాదు.

సాయంత్రం సర్వీసు బయలుదేరే ముందు ఆయన చేసే మొదటి పని లైట్ల అద్దాలు తుడవడం. మా సీమలో వాన కరువు గానీ దుమ్ముకు కరువు లేదు కదా. ఒక ట్రిప్పు తిరిగొస్తే అద్దం మీద వేలితో పేరు రాయవచ్చు. "దుమ్ము పట్టిన లైటు నీకు దోవ చూపదు, ఎదుటోనికి కండ్లు తీస్తాది. రెండిందాలా చెరుపే" అనేవాడు. అద్దం అయ్యాక ఒక మనిషిని దూరంగా నిలబెట్టి, వెలుగు ఎంతవరకు పడుతుందో చూసి గానీ సీటెక్కేవాడు కాదు.

లైటు దించే మీట ఎడమ కాలి కింద ఉంటుంది. ఒకసారి తొక్కితే వెలుగు రోడ్డు మీదికి వంగుతుంది, ఇంకోసారి తొక్కితే లేస్తుంది. నేను చేరిన కొత్తలో ఆయన ఆ సంగతి నోటితో చెప్పలేదు. సోమందేపల్లె దాటాక, మసక వేళ బండి ఆపి, "దిగు. ముందరికి పో. నా తట్టు తిరుగు" అన్నాడు. తిరిగాను. లైట్లు పూర్తిగా ఎత్తాడు.

"నడిచి రా."

నాలుగడుగులు వేశానో లేదో, రాయి తగిలి బోర్లా పడ్డాను. బస్సులో జనం నవ్వారు.

"ఏమి కనపడినాది?"

"ఏమీ లేదన్నా."

"అంతే. ఇంగ నేను చెప్పేదేమీ లేదు. ఎక్కు."

శనక్కాయల కాలంలో బండ్లు బారులు కట్టి వచ్చేవి. ఇరుసు కింద లాంతరు, పైన కునికిపాట్లు పడే మనిషి, దోవ తెలిసిన ఎద్దులు. బారు కనిపించగానే అన్న బస్సు పక్కకు తీసి నిలబెట్టి, చిన్న లైట్లు మాత్రం ఉంచి, ఆఖరి బండి దాటేదాకా కదిలేవాడు కాదు. ఒకసారి చిలమత్తూరు ఆసామి ఒకాయనకు ఓపిక చచ్చింది.

"ఏమప్పా డ్రైవరూ, ఎద్దులకు గూడా సలాం కొడతావా?"

"ఎద్దుకు కండ్లకు చెయ్యి అడ్డం పెట్టుకునే దానికి చెయ్యి లేదు సామీ. నాకు దించేదానికి కాలు ఉండాది."

బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ మాటలో చెయ్యి అడ్డం పెట్టుకునే సంగతి ఒకటుందని అప్పుడు నా బుర్రకు ఎక్కలేదు.

హారన్ కూడా ఆయనే నేర్పాడు. అప్పట్లో రబ్బరు బుడ్డి హారన్. రెండు చిన్న కూతలు, ఒక ఊపిరి ఆగి, ఒక నిడుపు కూత. "అరిసినట్ల ఉండకూడదు, పిలిసినట్ల ఉండల్ల" అనేవాడు. లైను మొత్తంలో ఆ కూత మా ఇద్దరిదే.

ఆయన చూపు కొంచెం తగ్గుతోందని తనే చెప్పి, ఎవరూ పొమ్మనకముందే పని మానేశాడు. సోమందేపల్లె దగ్గర ఉన్న రెండెకరాల చేను చూసుకుంటూ సైకిలు మీద తిరిగేవాడు. అదే ఏడు మా షావుకారు కొత్త బస్సు కొని నాకిచ్చాడు. దాని లైట్లు వేస్తే గుట్టల మీది గడ్డి కూడా కనిపించేది. నాకు నెత్తికెక్కింది, దాచడమెందుకు. లైనులో కుర్ర డ్రైవర్లకు అప్పుడొక పిచ్చి ఉండేది. ఎదురెదురుగా వచ్చినప్పుడు ఎవడు ముందు దించితే వాడు తల దించినట్లు లెక్క. నేను దించేవాణ్ణి కాదు. లారీవాళ్ళు తిట్టేవారు, నేను మీసం మీద చెయ్యి వేసేవాణ్ణి.

ఒక సాయంత్రం, మసక చీకటి పడుతోంది, లైట్లు పూర్తిగా ఎత్తుకుని పెనుకొండ నుంచి వస్తున్నాను. కల్వర్టు దగ్గర ఎదురుగా ఒక సైకిలు. ఎర్ర గళ్ళ తువ్వాలు. అన్న! నన్ను చూసి చెయ్యెత్తి నొసటికి ఆనించాడు. కొత్త బస్సుకు, నాకు, అన్న సలాం కొడుతున్నాడనుకున్నాను. నా గుండె ఉప్పొంగింది. మా కూత కూశాను, రెండు చిన్నవి, ఒకటి నిడుపు. బస్సు బాగా కనబడాలని లైట్లు ఒకసారి దించి మళ్ళీ పూర్తిగా ఎత్తాను. అట్లాగే ఆయన పక్కనుంచి దూసుకుపోయాను.

వెనక నుంచి మా కండక్టరు, "డ్రైవరూ, ఆ సైకిలాయన పడినట్లుండాదే" అన్నాడు.

అద్దంలో చూశాను. దుమ్ము తప్ప ఏమీ లేదు.

"పడలేదులే, దిగినాడు" అన్నాను.

ఈ ఒక్క మాట దగ్గర నేను ఇప్పటికీ ఆగిపోతాను. చెయ్యి అడ్డం పెట్టుకుంటే సలాం అనుకోవడం తెలివితక్కువ. దానికి క్షమాపణ అడగొచ్చు. కానీ "దిగినాడు" అన్నప్పుడు నాకు తెలుసు. బ్రేకు మీదికి కాలు పోయింది, మళ్ళీ వెనక్కి తీసుకున్నాను. అంతమంది ముందు బండి ఆపి, అన్నను నేనే పడేశానని ఒప్పుకోవడం నావల్ల కాలేదు.

ఆయన కల్వర్టు పక్క ఎండిన వంకలో రాళ్ళ మీద పడ్డాడు. మోకాలు చితికింది. మేకలు తోలుకొచ్చే వాళ్ళు చూసి ఎత్తుకెళ్ళారట. కట్టు కట్టారు, ఎముక అతికింది, కాలు మాత్రం మళ్ళీ వంగలేదు. సైకిలు అమ్మేశారు. చేను పంటలో పాలు మాట్లాడుకుని వేరేవాళ్ళకు కోరుకు ఇచ్చారు.

మూడో రోజు చీకటి పడ్డాక నేను పోయాను, నాలుగు కమలాలు తీసుకుని. చెప్పేద్దామనే పోయాను. మంచం మీద పడుకుని, "రాప్పా" అన్నాడు. పక్కనే గూట్లో లాంతరు. దాని కడ్డీకి డబ్బా రేకు ముక్క ఒకటి వేలాడగట్టి ఉండేది, వెలుగు ఒక పక్కకే పడేటట్లు. నేను కూర్చోగానే చెయ్యి చాచి లాంతరు తిప్పి, రేకు నా వైపు పెట్టాడు. నా ముఖం నీడలోకి పోయింది.

"ఎట్ల జరిగిందన్నా?"

"ఎవరోలే. లైట్లు తప్ప ఏమీ కనపడ్లే." మోకాలి కట్టు సర్దుకున్నాడు. "నువ్వేమన్నా చెప్పల్లని వచ్చినావా?"

"లేదన్నా. ఊరికే, చూసి పోదామని."

ఆ తర్వాత ఏడేళ్ళు, నెలకొకసారైనా పోయేవాణ్ణి. పోయినప్పుడల్లా లాంతరు తిరిగేది. ఆ అడగడం కూడా తప్పేది కాదు: "ఏమప్పా, ఏమన్నా చెప్పల్లనా?" నేను డీజిలు సంగతి, రోడ్డు గుంతల సంగతి చెప్పేవాణ్ణి. ఆయన అన్నీ శ్రద్ధగా వినేవాడు. ఆ సాయంత్రం తర్వాత నేను ఎదుటివాడికి లైటు దించకుండా ఒక్క రోజూ నడపలేదు. అదే చాలనుకున్నాను. ఎవరికి చాలు?

మొన్న దినాలకు పోయాను. వచ్చినవాళ్ళు తిని వెళ్ళిపోయాక వదిన గోడకు ఆనుకుని కూర్చుంది. చీకటి పడుతుంటే లాంతరు వెలిగించి గూట్లో పెట్టి, అలవాటుగా రేకు నా వైపు తిప్పింది. తిప్పాక తనే ఉలిక్కిపడ్డట్లు చెయ్యి తీసుకుంది.

"ఎవురొచ్చినా ఇట్లనే తిప్పుతాడా వదినా?"

"లేదప్పా. నువ్వొస్తేనే. యాల అని నేనూ అడిగినా ఒకసారి. 'వానికి కండ్లకు కొడతాండాది' అన్నాడు."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, మెల్లగా అంది.

"హారన్ ఇన్నాడు కదప్పా ఆ పొద్దు. ఇంటికి ఎత్తుకొచ్చినారు, నొప్పికి అరుస్తానే చెప్పినాడు, ఆ కూత నేను నేర్పించిందే అని. నేను గమ్మునుండలేక నిన్ను అడుగుతానంటి. 'నువ్వు నోరెత్తొద్దు, వాడే వచ్చి చెప్తాడు' అన్నాడు. నువ్వొచ్చి పోయినంక ప్రతిసారీ నన్ను చూసి, 'ఈపొద్దూ చెప్పలేదే' అనేవాడు. కోపం లేదప్పా. నీ మాట కోసరం కాసుకోనుండె, అంతే."

ఆయన పడుకునే మంచం గోడకు నిలబెట్టి ఉంది. దాని పక్కన చేతికర్ర. నేను లేచి, గూట్లో లాంతరు పట్టుకుని, రేకు గోడ వైపుకు తిప్పాను. వెలుగు నేరుగా నా ముఖం మీద పడింది. కళ్ళు మూతలు పడ్డాయి. చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. వదిన ఎక్కడుందో, మంచం ఎక్కడుందో కనబడలేదు.

"అన్నా, ఆ బండి నాదే" అన్నాను.