రెండు మార్పులనూ నిలిపిన సుగుణక్క

మొన్న ఉదయం ఫలక్‌నుమాలో లోకల్ రైలు దిగుతుండగా నాతో పనిచేసే ఖలీల్ ఫోన్ చేశాడు. "సుగుణక్క పోయింది భాయ్. నిద్రల్నే పానం పోయిందంట." నిశ్చేష్టుణ్ణై ప్లాట్‌ఫాం మీదే నిలబడిపోయాను. శాలిబండలోని మా చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసుకు ఆమె పెద్దదిక్కు. గుంటూరు నుంచి వచ్చిన నాకు ప్రథమ గురువు.

ఆసుపత్రుల మందుల చీటీలకు ప్రోగ్రాములు రాసేవాళ్లం. ఇద్దరం ఒకే ఫైలులో ఒకే వరుసలను వేర్వేరుగా మారిస్తే, ఏది ఉంచాలో తేల్చుకోలేక కంప్యూటర్ రెండింటినీ చూపి ఆగిపోతుంది. మెర్జ్ కాన్‌ఫ్లిక్ట్ అంటాం. ఆ చిక్కులన్నీ అక్క దగ్గరికే చేరేవి.

ఒకసారి పిల్లల మందు లెక్కలో నాకూ ఖలీల్‌కూ అలాగే అయింది. నేను బరువును బట్టి మోతాదు కట్టాను. అతడు దానికి ఒక హద్దు పెట్టాడు. నాదంటే నాదని వాదించుకుని మాటలు మానేశాం. సాయంత్రానికి ప్రోగ్రాం పంపాలి. "ఎవరిదో ఒకటి ఉంచి పంపెయ్యమ్మా" అన్నారు యజమాని.

"పసిపిల్లలు తాగే మందు సార్. ఆగాలె" అన్నారు అక్క.

మమ్మల్నిద్దరినీ ఒకే తెర ముందు కూర్చోబెట్టారు. "నీ ముచ్చట తర్వాత. ఖలీల్ గట్ల ఎందుకు రాసిండో నువ్వు చెప్పు" అని నన్నడిగారు. నాకు తెలియదు. అతణ్ణే అడగాల్సి వచ్చింది.

"బాగ బరువున్న పిల్లగానికి నీ లెక్కతోని పెద్దోళ్ల కంటె ఎక్కువ మందు పోతది భాయ్" అన్నాడు ఖలీల్.

రెండూ అవసరమేనని అప్పుడు తెలిసింది. ముందు బరువు లెక్క, దానిపై హద్దు: అక్క రెండింటినీ కలిపి రాసి, రకరకాల బరువులతో పరీక్షించాకే పంపారు. "ఒకరు రాసింది తీసేసే ముందు, ఎందుకు రాసిండో అర్సుకోవాలె" అనేవారు.

ఆమె మితభాషిణి. ఉప్పుగూడలో ఏకాకి జీవితం. ఆదివారాలు ఏం చేస్తారక్కా అంటే, "ఏం జేస్త? లొల్లి వెట్టుకుందామన్నా ఇంట్ల ఎవ్వరు లేరు" అని నవ్వారు. సోమవారం మాత్రం అందరికంటే ముందే ఆఫీసు తలుపు తీసేవారు.

నిన్న దూరపు బంధువొకాయన తలకొరివి పెట్టారు. పాడె లేవకముందు పక్కింటామె మమ్మల్నడిగింది: "మీరు ఆమెకేమైతరు?"

"ఇంటోళ్లం, అమ్మా" అన్నాడు ఖలీల్.

"గిన్నేండ్లల్ల ఎవ్వరు రాంగ సూడలే" అందామె.

మేమిద్దరం ఆ పుణ్యమూర్తి పాదాలకు మొక్కి, పాడెకు చెరో వైపు భుజం పట్టాం.