నరసింహం మాస్టరు మాగ్నా కార్టా

మా తాతయ్య నరసింహం దోసె మాస్టరు. ఒంగోలులో ముప్పై ఏళ్లు పెనం ముందు నిలబడ్డాక, 2008లో ఇంగ్లండులో బాపురావుగారి హోటలు ఇచ్చిన వర్క్ పర్మిట్ మీద మిల్టన్ కీన్స్ వచ్చాడు. చదువు ఐదో తరగతి. అది కూడా మేష్టారింట్లో నీళ్లు తోడినందుకు పాస్ చేశారని అమ్మమ్మ అంటుంది. అమ్మమ్మ రాజ్యం పదో తరగతి పాసైంది. ఆ సంగతి తెలియకుండా ఈ వీధిలో ఎవరినీ ఉండనివ్వదు.

తాతయ్య వీసా 2013 సెప్టెంబరుతో అయిపోతుంది. ఆ వీసా మీద బాపురావుగారి దగ్గర తప్ప ఇంకెక్కడా పని చేయకూడదు. ఆలోపు ప్రభుత్వం పెట్టే పరీక్ష పాసైతే ఇక్కడ శాశ్వతంగా ఉండిపోవచ్చు, ఎవరి దగ్గరైనా పని చేసుకోవచ్చు. లేకపోతే ఒంగోలు తిరుగు ప్రయాణం. గ్రహచారం ఏమిటంటే, ఆ ఏడు మార్చిలోనే పరీక్ష మార్చారు. అంతకుముందు చరిత్ర అడిగేవారు కాదు. ఇప్పుడు రోమన్ల దగ్గర్నుంచి నార్మన్లు, ఫ్యూడలిజం, బ్లాక్ డెత్ ప్లేగు దాకా అన్నీ వచ్చిపడ్డాయి.

అమ్మమ్మ మొదటిసారికే పాసైపోయింది. కానీ ఆవిడ వీసా తాతయ్య వీసాకు ముడిపడి ఉంది.

"నేను పాసై ఏం లాభం? ఈయనతో పాటు నేనూ పెట్టె సర్దుకోవాలి. పెళ్లినాడే అడగాల్సింది, హేస్టింగ్స్ యుద్ధం ఎప్పుడు జరిగిందో చెప్పండి అని," అనేది.

అమ్మ ఆసుపత్రిలో నర్సు, ఎప్పుడూ డ్యూటీ మీదే ఉంటుంది. కాబట్టి తాతయ్యకు పాఠం చెప్పే పని నాకు పడింది. స్కూల్లో నా చరిత్ర మార్కులు చూసినవాళ్లెవరూ ఈ ఏర్పాటుకు ఒప్పుకునేవారు కాదు.

పుస్తకం ముందు కూర్చోగానే తాతయ్యకు ఆవులింతలు వచ్చేవి. రెండు వారాలైనా రోమన్లు బ్రిటన్‌లోకి దిగలేదు.

"చదివితే ఎక్కదే సిరీ," అన్నాడు ఒకరోజు. "ఎవురన్నా అరిస్తే ఎక్కుద్ది."

అది నిజమే. హోటల్లో సర్వర్లు వంటగది గుమ్మంలో నిలబడి ఆర్డర్లు కేకేస్తారు. తాతయ్య తల తిప్పకుండా ఆ కేకను తిరిగి అంటాడు, అంతే, ఆ దోసె ఏ టేబులుదో, ఉల్లిపాయ వద్దన్నది ఎవరో మరిచిపోడు. కాబట్టి నేను వంటింటి గుమ్మంలో నిలబడ్డాను.

"టేబుల్ మూడూ, ఒక మాగ్నా కార్టా!"

"పన్నెండొందల పదిహేనూ, జాన్ రాజూ, రాజైనా చట్టానికి లోబడాలీ, వేడివేడిగా!"

"టేబుల్ ఐదూ, డూమ్స్‌డే బుక్!"

"విలియం రాజూ, ఊరూరా గొడ్డూగోదా లెక్కా, నెయ్యేసి!"

"టేబుల్ ఏడూ, బ్లాక్ డెత్!"

"పదమూడొందల నలభై ఎనిమిదీ, మూడోవంతు జనం పోయారూ, వేడివేడిగా!"

"దానికి వేడివేడిగా ఏందండీ, పాపం!" అంది అమ్మమ్మ హాల్లోంచి.

ఇలా వారంలో పుస్తకం సగం అయింది. ఒక్క సెర్ఫ్ దగ్గర మాత్రం తాతయ్య కేక వేయలేదు. సెర్ఫ్ అంటే ప్రభువు పొలంలో పనిచేసేవాడనీ, ఆయన ఒప్పుకోకుండా ఆ పొలం వదిలి పోకూడదనీ నేను చెప్పాను.

"పోతే?"

"పట్టుకొస్తారు."

"వాడికి ఆదివారం సెలవుందా?"

"పుస్తకంలో లేదు తాతయ్యా."

"ఉండదులే," అని చెయ్యి కడుక్కోవడానికి లేచాడు. బాపురావుగారి హోటలు ఆదివారం బాగా నడుస్తుంది.

జూలైలో పరీక్షకు వెళ్లాడు. గంట తిరక్కుండానే బయటికి వచ్చేశాడు. అమ్మమ్మ కారు తలుపు తీసుకుని ఎదురెళ్లింది.

"అప్పుడే అయిపోయిందా?"

"బయటికి పంపించారు."

"తప్పులు రాశారా?"

"కరెక్టే చెప్పా. గట్టిగా చెప్పా."

జరిగింది ఇది. తెర మీద రోమన్లు కట్టిన హేడ్రియన్ గోడ గురించి ప్రశ్న కనబడింది. తాతయ్య దాన్ని ఆర్డరులాగే చదివి, జవాబును వంటగదికి వినబడేంత గొంతుతో అన్నాడు. మొదటిసారి అక్కడ పరీక్షకు కాపలా ఉన్నామె వేలు పెదవుల మీద పెట్టి చూపించింది. తాతయ్య తల ఊపాడు. ఆ తర్వాత నార్మన్లు వచ్చారు. ఇక తాతయ్య వల్ల కాలేదు. పక్కవాళ్లకు జవాబులు అందిస్తున్నాడని ఆమె కంప్యూటరు ఆపేసింది.

ఇంటికొచ్చాక అమ్మమ్మ గ్లాసుడు నీళ్లు తెచ్చి తాతయ్య చేతిలో పెట్టింది.

"మింగమాకండి. నోట్లో పెట్టుకోండి. సిరీ, నువ్వు అరవమాక, కాగితం మీద ప్రశ్నా, కింద నాలుగు జవాబులూ రాసి చూపించు. ఆయన వేలితో జవాబు చూపిస్తాడు."

బుగ్గలు ఉబ్బించుకుని తాతయ్య ఎదురుగా కూర్చున్నాడు. బ్లాక్ డెత్ చూపించగానే నాకు నవ్వొచ్చింది, నన్ను చూసి ఆయనకూ వచ్చింది. మధ్యయుగం మొత్తం తడిసింది. అమ్మమ్మ మాత్రం నవ్వలేదు. టేబుల్ తుడిచి మళ్లీ గ్లాసు నింపింది. ఆగస్టు అంతా ఇదే పని. క్రమంగా నీళ్లు నోట్లోనే ఉండడం మొదలైంది, జవాబులు వేలి చివరికి వచ్చాయి.

సెప్టెంబరు మొదట్లో మళ్లీ పరీక్ష పడింది, వీసా అయిపోయేలోపు దొరికిన చివరిది అదే. ఆ రోజు తాతయ్య లోపల ఉన్నంతసేపూ అమ్మమ్మ కిటికీ అద్దం దించి చెవి రిక్కించుకుని కూర్చుంది. భవనంలోంచి ఏ కేకా రాలేదు. బయటికి వచ్చాక తాతయ్య మాకు కాగితం చూపించాడు. పాస్. ఎన్ని తప్పులు వచ్చాయో అందులో లేదు. లేకపోవడమే మేలని అమ్మమ్మ తేల్చింది.

శాశ్వత నివాసం వచ్చాక బాపురావుగారు తాతయ్యను పక్కకు పిలిచి, "ఏం మాస్టరూ, ఇంకెక్కడన్నా చూసుకుంటున్నావా?" అని అడిగారట.

"లేదు సార్. ఆదివారం మాత్రం రాను."

"ఆదివారమే కదయ్యా గిరాకీ!"

"అవును సార్. రాను."

ఆయన సరేనన్నారు. ఆరేళ్లయింది. ఇప్పుడు ఆదివారం పొద్దున తాతయ్య పదింటిదాకా లేవడు. లేచి, అమ్మమ్మ వేసిన అట్టు అంచు పట్టుకుని ఎత్తి, వెలుతురుకు పెట్టి చూసి, ఏమీ అనకుండా తింటాడు. అలా ఏమీ అనకపోవడం గురించే వాళ్లిద్దరూ మధ్యాహ్నం దాకా పోట్లాడుకుంటారు.