గోడలో విరిగిన పైపు

కావలిలో పాత ఇళ్ళ పైపులు ఏ గోడలో ఎటు పోతాయో చోటే సాహెబ్‌కు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. మోకాళ్ళు అరిగి ఆయన మంచం పట్టాక పనిముట్ల సంచి కూతురు షాహనా భుజానికెక్కింది. పన్నెండేళ్ళు ఆయన వెంట తిరిగి నేర్చుకున్న పని. అయినా తలుపు తీసినవాళ్ళంతా ఆమె వెనక మగమనిషి ఎవరన్నా ఉన్నాడేమోనని తొంగిచూసేవాళ్ళు.

ఆ రోజు కామాక్షి టీచరు వంటింటి కొళాయి మార్చమని పిలిచింది. షాహనా మిద్దెక్కి ట్యాంకు వాల్వు కట్టేసి వచ్చింది. పాతకాలపు ఇనుప పైపు, తుప్పుపట్టి కొళాయిని కరుచుకొని ఉంది. ఒక రెంచితో పైపును కదలకుండా పట్టుకుని, రెండోది కొళాయికి వెయ్యబోతుండగా ఇంటి ఓనరు పద్మనాభయ్య వచ్చినాడు.

"ఏంది టీచరమ్మా ఇది! ఊళ్ళో మగోళ్ళే దొరకలేదా? నా గోడ పగిలితే ఎవరిది పూచీ?"

"ఆమె చోటే సాహెబ్ కూతురండీ," అంది కామాక్షి.

"ఎవరి కూతురైతే నాకేంది? జరుగమ్మా పక్కకు."

షాహనా పళ్ళు బిగబట్టి సంచి సర్దుకుంది. "ఎవరొచ్చినా రెండు రెంచీలు పెట్టి తిప్పమనండి సార్. పైపు పాతది," అని మాత్రం చెప్పి వచ్చేసింది.

ఆ మాట పద్మనాభయ్య చెవికెక్కించుకోలేదు. ఆయన తెచ్చిన ప్లంబరు రాజ్ కుమార్ ఒక్క రెంచితో బలమంతా పెట్టి తిప్పినాడు. గోడలోపల పైపు పుటుక్కున విరిగింది.

సాయంత్రానికి వీధంతా ఒకటే మాట: ఆ పిల్ల ముందే విరగ్గొట్టి పోయిందంట! పద్మనాభయ్యే ఇంటింటికీ చెప్పుకొచ్చినాడు. మంచంలో ఉన్న తండ్రి ముందే ఎవరో ఆ మాట అనేసరికి షాహనాకు ఒళ్ళు మండిపోయింది.

తెల్లారి కామాక్షి మళ్ళీ పిలిచింది. వెళ్ళేసరికి పద్మనాభయ్య, రాజ్ కుమార్ ఇద్దరూ అక్కడే ఉన్నారు.

"అన్నా, నువ్వే చెప్పు. పైపును రెండో రెంచితో పట్టుకుని కొళాయి తిప్పినావా?" అని నిలదీసింది షాహనా.

రాజ్ కుమార్ తల వంచుకున్నాడు. "లేదమ్మా. తొందరపడినా. విరిగింది నా చేతిలోనే."

"సరేలే, అయిందేదో అయింది. ఎవరో ఒకరు కానియ్యండి," అన్నాడు పద్మనాభయ్య.

"అయిందేదో అయిందా? నిన్న వీధిలో అన్న మాట వీధిలోనే వెనక్కి తీసుకోండి సార్!"

ఆయన కండువా దులుపుకుని వెళ్ళిపోయినాడు.

షాహనా కూడా వెళ్ళిపోయేదే. కానీ కామాక్షి రెండు పూటలుగా బిందెలతో నీళ్ళు మోస్తోంది. అందుకే షాహనా ఆగి గోడ కొట్టించి, విరిగిన ముక్క తీసి కొత్తది వేసింది. రాజ్ కుమార్ పైపు పట్టుకుంటే, కొళాయి మరలకు టెఫ్లాన్ టేపు బిగువుగా చుట్టి, ముందు చేత్తో తిప్పి, చివర్లో రెంచితో అరచుట్టు బిగించింది. చుక్క కారలేదు.

అప్పుడొచ్చినాడు పద్మనాభయ్య. కొళాయి తిప్పి చూసి, "భలే చేసినావయ్యా రాజ్ కుమార్!" అన్నాడు.

షాహనా నోరు తెరిచేలోపే రాజ్ కుమార్ గట్టిగా అన్నాడు, వీధిలోవాళ్ళకూ వినబడేట్టు: "నేను చేసింది విరగ్గొట్టడం సార్. పెట్టింది ఆమె."

పద్మనాభయ్య ముఖం మాడ్చుకున్నాడే గాని క్షమాపణ మాత్రం చెప్పలేదు. ఆ సంగతి షాహనా ఇప్పటికీ మరిచిపోలేదు. రాజ్ కుమార్ మాత్రం ఇనుప పైపుల ఇల్లు తగిలిందంటే ఆమెకే ఫోన్ చేస్తాడు.