రేపల్లె రైల్లో ఏనుగు తల

రేపల్లెలో ఉండే మా తమ్ముడి కూతురి మొదటి పుట్టినరోజుకి క్రోషియాతో ఏనుగు బొమ్మ అల్లి తెస్తానని అందరికీ చెప్పేశాను. నిరుడు ఆ రోజు ఉదయం తెనాలిలో రైలెక్కేసరికి ఒళ్ళూ, కాళ్ళూ, తొండమూ తయారు. తల మాత్రం లేదు! రైల్లోనే మొదలుపెట్టాను. ఎంత అల్లినా బంతిలా మూసుకోదే, ఇంకా విచ్చుకుంటోంది.

"టోపీ బాగుందండి," అన్నాడు పక్క సీటాయన. పెట్టెలో అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఎదురుగా కూర్చున్న ముసలావిడ మాత్రం నవ్వలేదు. సముద్రం ఒడ్డున వలలు అల్లే మనిషట. "గొడుగు మాదిరి విచ్చుకునే విసురువలకైతే వరసవరసకీ కన్నులు పెంచుకుంటా పోవాలమ్మా. నీది మూసుకోవాల గదా? సగం కాడ్నించి తగ్గించుకుంటా రా," అంది.

వేమూరు స్టేషన్లో అల్లిన తల మొత్తం విప్పేశాను. అందరూ చూస్తుండగానే మళ్ళీ మొదటి ముడి వేశాను. రేపల్లె వచ్చేసరికి దూది కూరి బంతి మూసేశాను. ఆవిడ వేలితో పొడిచి చూసి, "చీమ దూరే సందు గూడా లేదు," అంది.

అల్లడం కన్నా నలుగురి ముందు విప్పడానికే ఎక్కువ ధైర్యం కావాలని ఆ రోజు తెలిసింది. పక్క సీటాయన మళ్ళీ కనిపిస్తే ఇవ్వడానికి టోపీ కూడా ఒకటి అల్లి ఉంచాను.