తుపాకి చేసినవాడు ఎక్కడని అడిగిన మా సునీత

నిన్న పొద్దున షాపు షట్టర్ ఎత్తుతుంటే ఫోన్ వచ్చింది. సునీత ఇక లేదన్నారు.

ఏ సునీత అని అడిగాను. నిజంగానే అడిగాను. మా ఎస్సై సునీత అయి ఉండదని నా ధీమా.

గుండెపోటట. డ్యూటీకి యూనిఫాం వేసుకుని, వికారాబాద్‌లో ఇంటి గడప దాటకముందే కూలిపోయిందట.

నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఇంకా తగ్గలేదు.

ఇంటర్‌లో మాది ఒకే బెంచీ. నేను పెళ్లయి తాండూరు వచ్చి మా వాళ్ల హార్డ్‌వేర్ షాపులో కూర్చున్నాను, తను పోలీసైంది. సీటు కోసం కూడా ఎవరితో గొడవపడని నేను, కండక్టర్ దగ్గర రూపాయి చిల్లర వదలని తను. ఎలా కుదిరిందో మాకే తెలియదు.

పోయినేడు కంది కోతలప్పటి సంగతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. యాలాల్ వైపు ఒక చేనులో, కూలికి వచ్చిన లక్ష్మమ్మను అడవిపంది అనుకుని కాల్చేశారు. నాటు తుపాకి. కాల్చిన రైతు సాయంత్రానికే దొరికాడు. కేసు అయిపోయిందనుకున్నారు అందరూ.

సునీతకు అప్పుడే మొదలైంది.

"కాల్చినోడు దొరికిండు, సరే. చేసినోడు యాడున్నడే? ఒక్క తుపాకి చేసి ఊకుంటడా వాడు? పొద్దుగాల్నే చేన్లకు పొయ్యేటోళ్లంత ఆడోళ్లే. ఇంకెంతమంది పోవాలె?" అంది మా షాపులో స్టూలు మీద కూర్చుని. టీ చల్లారిపోయింది, తాగలేదు.

నాటు తుపాకి మీద కంపెనీ పేరుండదు, నంబరుండదు. రైతు నోరు విప్పడం లేదు. కర్రపిడి సందుల్లో మాత్రం పసుపు, కుంకుమ ఇరుక్కుని ఉన్నాయని ల్యాబ్‌వాళ్లు చెప్పారట.

నేను నవ్వాను. "ఆయుధ పూజ చేసిండ్రేమో! మా ఇంట్ల దసరాకు త్రాసు, కత్తెర, స్కూటర్, దేన్నీ ఇడువరు. ఇడిస్తే ఆ పని సాగదని మా అత్తమ్మ భయం."

తను నవ్వలేదు. వాళ్లు చర్చికి పోయేవాళ్లు, ఇంట్లో ఆ పూజ లేదు.

"అంటే తుపాకి చేసేటోడు గూడ ఇడువడా?"

"ఎట్ల ఇడుస్తడే? అన్నం పెట్టే పనాయె."

"ఫొటోలు తీస్తరా?"

దసరా పూజ చేసి ఫొటో పెట్టనివాడు మా వ్యాపారుల గ్రూపులో ఉంటాడా! ఇద్దరం నా ఫోన్ ముందేసుకుని పాత మెసేజీలన్నీ తిప్పాం. బంతిపూలు, గుమ్మడికాయలు, శుభాకాంక్షలు. ఒక లేత్ వర్క్‌షాప్ ఫొటో దగ్గర తన వేలు ఆగింది. మిషన్‌కు దండ, పానాలకు బొట్లు. మూలన సంచి కింద తుపాకి గొట్టాలు. కప్పినవాడు బొట్టు పెట్టడానికి కొసలు మాత్రం బయటికి ఉంచాడు. దొంగపని చేసినా దేవుడికి భయపడ్డాడు.

ఆ ఫొటో కింద దండం బొమ్మ పెట్టిన మహానుభావురాలిని నేనే. మొన్నటి దాకా ఏడిపించింది నన్ను.

ఆ వర్క్‌షాప్ సోదాలో దొరికిన పిడులు, లక్ష్మమ్మను కాల్చిన తుపాకి పిడి ఒకే చేతి పని అని తేలింది. అక్కడి నుంచి ఎవరికి అమ్మాడు, వాళ్లు ఎవరికిచ్చారు అంటూ సునీత బంట్వారం, బషీరాబాద్ దాకా తిరిగింది. అటకల మీది తుపాకులు, గడ్డివాముల్లోవి బయటికొచ్చాయి. పందులతో రైతు పడే బాధ తనకు తెలియక కాదు. ఒక పెద్దాయనతో నా ముందే అంది: "పంట పోతే మల్ల ఏస్తవు కాకా. మనిషి పోతే యాడికెళ్లి తెస్తవు?"

ఇప్పుడు కేసు వికారాబాద్ కోర్టులో ఉంది. ఆ ఫొటో ఫలానా మనిషి పెట్టాడు, నా ఫోన్‌కు వచ్చింది అని చెప్పాల్సిన సాక్షిని నేను.

నిన్న సాయంత్రమే సమాధి మీద మట్టి వేసి ఇంకా చేతులు కడుక్కోలేదు, మా వాళ్లొకరు పక్కకు పిలిచారు.

"ఎస్సైమ్మనే పాయె, ఇంక నిన్నెవరు పట్టించుకుంటరు? దుకాణం నడుపుకునేటోళ్లం, మనకెందుకీ లొల్లి? ఆ లేత్ ఆయన మన గిరాకి గూడ."

 కాస్త దూరంలో లక్ష్మమ్మ బిడ్డ నిలబడి ఉంది. కూలి మానుకుని సునీతను చివరిసారి చూడటానికి వచ్చింది. నన్నేమీ అడగలేదు. అడిగితే బాగుండేది.

అక్కడ చెప్పలేని జవాబు ఇక్కడ చెబుతున్నాను. మా ఇంటివాళ్లు, చుట్టాలు, గ్రూపులో వాళ్లు అందరూ చదవండి.

గిరాకి పోతే పోనీ. వాయిదా రోజు షాపు మూసి పోతాను. చూసింది చూసినట్టు చెబుతాను. ఎవరూ ఇంటికి వచ్చి నచ్చజెప్పొద్దు, టీ ఇచ్చి పంపిస్తాను, అంతే.

నువ్వు నమ్మిన ప్రభువు నీకు నెమ్మదినివ్వాలి సునీతా.

ఫికర్ చెయ్యకు, పండుకో. సాక్షి బోను ఎక్కేటందుకు నేనున్న.