ఉప్పా, చక్కెరా?

ఆ రోజుల్లో మా ప్రొద్దుటూరు మగ్గాల వీధిలో ఇంటర్మీడియట్ చదివేవాణ్ణి నేనొక్కణ్ణే కావడం వల్ల, ప్రపంచంలో నాకు తెలియనిది ఇక కొంచెమే మిగిలి ఉందని గట్టిగా నమ్మేవాణ్ణి. అనంతపురం కాలేజీ నుంచి సెలవులకు వచ్చినప్పుడల్లా రసాయనశాస్త్రాన్ని వద్దన్నవాళ్లకు కూడా బోధించేవాణ్ణి. మా నాయన మాత్రం మగ్గం గుంటలోంచి తల ఎత్తకుండానే, "ఈ సదువు దేనికి పనికొస్తాదిరా? ఇంగ చాలు, వచ్చి మగ్గంలో కూసో" అనేవాడు. ఆ వేసవిలో ఆ మాట మరీ గట్టిగా వినిపించసాగింది. నాకు రాత్రిళ్లు నిద్ర కూడా సరిగ్గా పట్టేది కాదు.

నాయనకు మలేరియా జ్వరం తగ్గితే సత్యనారాయణ వ్రతం చేయిస్తానని మా అవ్వ మొక్కుకుంది. జ్వరం తగ్గింది. యుద్ధకాలం కాబట్టి చక్కెరకు రేషను. వచ్చినదాంట్లోనే పిడికెడు పిడికెడు దాచి, అవ్వ ఎలాగో ప్రసాదానికి సరిపడా కూడబెట్టింది. వ్రతం నాటి ఉదయం మా పిన్నమ్మ ఆ చక్కెరనూ, వంటకు కావలసిన కల్లుప్పునూ వేరువేరుగా మెత్తగా దంచి, ఒకేలాంటి రెండు ఇత్తడి డబ్బాల్లో పోసింది. పోసి, ఏది ఎందులో పోసిందో మరిచిపోయింది.

"ఒక చిటికెడు నాలిక మీద ఏసుకుంటే పోలా?" అన్నాడు నాయన.

"దేవునికి పెట్టకముందే నోట్లో పెడతావా? అంతా ఎంగిలైపోతాది!" అని అవ్వ రెండు డబ్బాలకూ అడ్డం నిలబడింది.

చీమలకు వేసి చూద్దామంది పిన్నమ్మ. (ఏడాది పొడవునా మా ఇంట్లో కాపురముండే చీమలు ఆ రోజు ఒక్కటీ కనిపించలేదు.) పురోహితుడు అప్పటికే పీట మీద కూర్చుని గొంతు సవరించుకుంటున్నాడు.

"నేను చెప్తా" అన్నాను. ఉప్పు ఎలెక్ట్రోవాలెంట్ జాతిది, కొలిమి వేడికి గానీ కరగదు, నీళ్లలో కలిస్తే కరెంటును పోనిస్తుంది. చక్కెర కోవాలెంట్, కొద్ది వేడికే కరుగుతుంది, కరెంటును పోనివ్వదు, అని మా మేష్టరు చెప్పినదంతా అప్పగించాను. పక్కింటివాళ్ల టార్చిలైటు విప్పి, సెల్లులకూ బల్బుకూ తీగలు కట్టి, రెండు గ్లాసుల నీళ్లలో ఒక్కోదాంట్లో ఒక్కో పొడి కలిపి, తీగల కొనలు ముంచాను. బల్బు ఇందులోనూ వెలగలేదు, అందులోనూ వెలగలేదు. (రెండు సెల్లుల బలం చాలదని తర్వాత తెలిసింది.)

"అయితే రెండూ చక్కెరే అన్నమాట!" అన్నాడు నాయన. వ్రతానికి వచ్చిన వీధివాళ్లంతా నవ్వారు. నా కాలేజీ చదువు ఆ గ్లాసుల్లోనే మునిగిపోయిందనుకున్నాను.

ఇక మిగిలింది నిప్పు. ఎడమ డబ్బాలోది ఎడమ చేతి ఇనప గరిటెలో, కుడి డబ్బాలోది కుడి చేతి గరిటెలో చెరో చిటికెడు వేసి బొగ్గుల మీద పెట్టబోతుంటే అవ్వ మళ్లీ అరిచింది: "వాసన సూసినా ఎంగిలే! అందురూ ముక్కులు మూసుకోండి!"

పురోహితుడితో సహా అందరం ముక్కులు మూసుకున్నాం. ఎడమ గరిటెలోది చిటపటలాడింది గానీ తెల్లగా అలాగే ఉండిపోయింది. కుడి గరిటెలోది మెల్లగా కరిగి, తేనె రంగుకు తిరిగి, పొంగి, నల్లబడింది.

"కుడి డబ్బాదే చక్కెర!" అని ప్రకటించాను. గంభీరంగా చెప్దామనుకున్న మాట ముక్కులోంచి సన్నాయిలా వచ్చింది.

ప్రసాదం కలిపేశారు. అప్పుడు మొదలైంది అసలు భయం. ఆ గందరగోళంలో గరిటెలు తారుమారు చేయలేదు కదా? పురోహితుడు కథ చదువుతున్నంతసేపూ ఒక్క ముక్క నా చెవికెక్కలేదు. హారతి అయ్యాక మొదటి ప్రసాదం నాయన చేతిలో పడింది. నోట్లో వేసుకుని కళ్లు మూసుకున్నాడు. ఆ దవడలు ఎంతసేపు ఆడాయో!

"అమ్మా, శానా బాగుండాది. ఇంగొంచెం పెట్టు" అన్నాడు.

అవ్వ నా తల నిమిరి, నా దోసిట్లో అందరికంటే పెద్ద ముద్ద పెట్టింది.

సాయంత్రం నాయన నా పక్కన కూర్చుని, ఎటో చూస్తూ, "కాలేజీ ఎప్పుడు తెరుస్తారంటివి?" అని అడిగాడు. తడబడుతూ చెప్పాను. "అయితే రెండు పంచెలు నేసి పెడతా, తీసుకొనిపో" అన్నాడు. ఆ రాత్రి నేను పోయిన నిద్ర ఎలాంటిదంటే, తెల్లవారి అవ్వ నీళ్లు చల్లితే గానీ లేవలేదు. ఆ తర్వాత ఎన్నో పరీక్షలు రాశాను, కొన్నిటిలో మంచి మార్కులే వచ్చాయి. అంత హాయిగా మళ్లీ ఎన్నడూ నిద్రపోలేదు.